ఎడమ చెయ్యి ఎక్కడ పెట్టావు?

పొద్దున్నుంచీ వాన ఎడతెరిపి లేకుండా పడుతోంది. భోజనాల వేళకే చీకట్లు కమ్మి, ఎదురింటివాళ్ళు దీపాలు వేసుకున్నారు. పై అంతస్తులోని చిన్న ఇంట్లో టైలరమ్మ కుట్టుమిషన్ని గోడవారకు జరిపింది. బట్టలు కత్తిరించే బల్లను గది మధ్యకు లాగి, మీద పాత దుప్పటి పరిచింది. ఇప్పుడా దుప్పటి మీద ఆమె నాన్న రేడియో లోపలి సామానంతా తలకిందులుగా పడి ఉంది.

ఆ వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఇది పలుకుతుందో లేదోనని నాన్న వేళాకోళమాడేవాడు. ఆమె కూతురి తండ్రి, పిల్లకు పళ్ళు రాకముందే వెళ్ళిపోయాడు. ఎక్కడికని అడిగితే టైలరమ్మ కత్తెర ఇంకాస్త చప్పుడుగా ఆడిస్తుంది, కాబట్టి ఎవరూ అడగరు. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. నాన్న, ఆమె, ఆరేళ్ళ పిల్ల. ఇప్పుడు ఇద్దరు.

పిల్లకు పిచ్చుక అని పేరు పెట్టింది ఆ నాన్నే, దాని తాత. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా, నిద్రలో కూడా ఏదో ఒకటి వాగుతూనే ఉండేది. "దీని నోటికి తాళం వేస్తే తాళమే మాట్లాడుతుంది" అని నవ్వేవాడాయన. సాయంత్రాలు దాన్ని ఒళ్ళో కూచోబెట్టుకుని, ఆ పెద్ద చెక్క రేడియో పెట్టుకుని, వచ్చేది పాటైనా వార్తలైనా ఇద్దరూ కలిసి వ్యాఖ్యానం చెప్పేవాళ్ళు.

నెల కిందట ఒక సాయంత్రం రేడియోలో టప్పుమని చిన్న శబ్దం వచ్చింది. కాలిన వాసన వేసింది. రేడియో ఆగిపోయింది. టైలరమ్మ వంటగదిలోంచి వచ్చి చూసేసరికి తాత కూడా ఆగిపోయాడు. పిల్ల ఇంకా ఆయన ఒళ్ళోనే ఉంది, కళ్ళు రేడియో మీదే ఉన్నాయి. ఆనాటి నుంచి పిచ్చుక నోట్లోంచి ఒక్క మాట రాలేదు. మూగబోయిన ఆ రేడియోకి చెవి ఆనించి కూచుంటుంది. మొదట్లో నోట్లో పెడితే మింగేది. తర్వాత అదీ మానేసింది. వారం నుంచీ చెంచాలతో పోసిన పాల మీదే ప్రాణం నిలబెట్టుకొస్తోంది టైలరమ్మ.

"ఒంట్లో జబ్బేమీ లేదమ్మా" అన్నాడు డాక్టరు నిన్న. "కానీ ఒళ్ళు ఇంక తట్టుకోదు. ఎల్లుండి పొద్దున్నకల్లా తినకపోతే ఆసుపత్రిలో చేర్చేద్దాం, ముక్కులోంచి గొట్టం వేద్దాం. అప్పటికి కూడా పిల్లకి తిరిగి రావాలని అనిపించకపోతే..." ఆ తర్వాత ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. మిగతా మాట ఎంత తుడిచినా బయటికి రాలేదు.

పిల్ల చెవి పెట్టి వెతుకుతున్నదేదో ఆ రేడియోలో ఉంది. రేడియో పలికితే పిల్లా పలుకుతుంది. ఇది తెలివైన ఆలోచన కాదని టైలరమ్మకీ తెలుసు. కానీ మునిగిపోయేవాళ్ళు చేతికి దొరికింది పట్టుకుంటారు, అది కొయ్యా మొసలా అని చూడరు.

డాక్టరు దగ్గర్నుంచి అటే ఊళ్ళో రిపేరు దుకాణాలన్నీ తిరిగింది. ఒకడు రేడియోని చూసి నవ్వాడు. ఇంకొకడు లోపలి సామాను పారేసి పూలకుండీ పెట్టుకోమన్నాడు. చివరికి ఫోన్లకు తొడుగులు అమ్మే ఒక కొట్టు వెనకాల, అట్టపెట్టెల మధ్య, ఆ కొట్టువాడి మామగారు దొరికాడు. ఎవరు కదిపినా పాత వాల్వు రేడియోల గురించే చెబుతాడని ఆయనకు వాల్వుల బాబాయ్ అని పేరు.

వెనక అట్ట విప్పి చూడగానే ఆయన ముఖం వెలిగింది. "ఈ గాజు వాల్వులు బాగానే ఉన్నాయి. కండెన్సర్లే ముసలివైపోయాయమ్మాయ్, నాలాగే. చూడు, మైనం ఎలా కారిపోయిందో. అవన్నీ మార్చాలి."

"మీరు మార్చి పెట్టండి బాబాయ్."

ఆయన రెండు చేతులూ ముందుకు చాపి చూపించాడు. గాలికి ఆకులు ఊగినట్టు ఊగుతున్నాయి. "సూదిలో దారం ఎక్కించేదానివి, నీ చెయ్యి నిలకడగా ఉంటుంది. నువ్వే చెయ్యి. నేను చెప్పినట్టు చెయ్యి."

కెపాసిటర్లని రాసి ఉన్న కొత్త కండెన్సర్ల పొట్లం, సీసంతో అతుకులు వేసే సోల్డరింగ్ ఐరన్, కరెంటు కొలిచే మీటరు, ఒక బల్బు బిగించిన చెక్క బోర్డు ఇచ్చాడు. ప్లస్ కాళ్ళకు మనవరాలి గోళ్ళరంగు ఎర్రగా పూసి పెట్టాడు, తికమక పడకుండా. ఇంట్లో కరెంటు ముందు ఈ బల్బులోంచి పోయి తర్వాత రేడియోకి పోతుంది. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే మంచిదే, భగభగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపెయ్యాలి. "అన్నీ ఒకేసారి పీకావో, ఏది ఎక్కడిదో దేవుడు దిగొచ్చినా చెప్పలేడు. ఒకటి పీకు, ఒకటి పెట్టు, ఆన్ చేసి మీటరుతో చూడు, ఆపు. మళ్ళీ ఇంకోటి. ఇంకొక్క సంగతి. ఆన్‌లో ఉన్నప్పుడు కుడి చెయ్యొక్కటే లోపలికి పోవాలి. ఎడమ చెయ్యి జేబులో. రెండూ పెడితే కరెంటు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి గుండె మీదుగా పోతుంది. మా గురువు దగ్గర చేరిన రోజు నేర్చుకున్న మొదటి పాఠం అదే."

ఆమె తలూపింది. మగవాళ్ళ చొక్కాలకు జేబులు కుట్టీ కుట్టీ వేళ్ళు కాయలు కాశాయి గానీ, తన బట్టలకు ఒక్క జేబు పెట్టుకున్న పాపాన పోలేదు టైలరమ్మ. చెయ్యి అడ్డం రాకుండా ఉంటే చాలు కదా అనుకుంది. వీపు వెనక్కి పెట్టుకుంటే సరిపోతుందనుకుంది.

ఇప్పుడు బల్ల ముందు నిలబడి అదే ఆలోచిస్తోంది. ఎదురుగా మంచం మీద పిచ్చుక కూచుని ఉంది. దాని పక్కనే రేడియో చెక్కపెట్టె. అందులో స్పీకరు మాత్రం ఉంది, దాని తీగలు బల్ల దాకా సాగి ఉన్నాయి. పిల్ల ఎప్పటిలాగే ఆ పెట్టెకు చెవి ఆనించింది. టైలరమ్మ వెనకాల వంటగది గుమ్మం. అందులో దీపం వెయ్యలేదు.

ముందు పెద్ద కెపాసిటర్లు. పాతవాటి కాళ్ళు కత్తిరించి, కొత్తవి పెట్టి, ఐరన్ ఆనించింది. మొదటిసారి కదా, ఎడమ బొటనవేలు దానికి తగిలి చుర్రుమంది. నోట్లో పెట్టుకుని చప్పరించి, మళ్ళీ మొదలెట్టింది. సోల్డరు కరిగినప్పుడల్లా చెట్టు బంక కాలిన వాసన. దాంతోపాటు పాత మైనం, దుమ్ము, ఎప్పటివో మూసి ఉంచిన గదుల వాసన.

బోర్డు ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసింది. బల్బు భగ్గుమంది. బల్బు మెల్లగా మసకబారి, ఎర్రటి దారప్పోగులా మిగిలింది. వాల్వులు ఒక్కొక్కటే నారింజ రంగుకి తిరిగాయి. నెల తర్వాత స్పీకరులోంచి శబ్దం... తేనెటీగలు ముసిరినట్టు గుయ్యిమంటూ.

ఎడమ చెయ్యి వీపు వెనక్కి పెట్టుకుంది. అరచెయ్యి తెరిచి, బడిలో శిక్షకు నిలబడ్డ పిల్లలా. కుడి చేత్తో మీటరు తీగ చివరి పుల్లను లోపల ఆనించింది. ముల్లు లేచింది. బాబాయ్ చెప్పిన అంకె దగ్గరే ఆగింది.

అప్పుడు అరచేతిలో ఏదో కదిలింది.

మెత్తగా, తడిగా. చిన్న గుప్పిట. అప్పుడే పుట్టిన పిల్లలు పట్టుకుంటారే, అలా ఆమె చూపుడువేలిని చుట్టుకుంది.

ఆమె గబుక్కున చెయ్యి లాక్కుని స్విచ్చి ఆపేసింది. వెనక్కి తిరిగి చూసింది. వంటగది గుమ్మం, చీకటి, అంతే. కరెంటు ఎక్కడో కారి ఉంటుందనుకుంది. ఒళ్ళు అలిసిపోతే వేళ్ళు జివ్వుమంటాయనుకుంది. ఇటు తిరిగేసరికి మంచం మీద పిచ్చుక పెట్టె మీంచి చెవి తీసి, తలెత్తి చూస్తోంది.

నెల తర్వాత పిల్ల తలెత్తింది. టైలరమ్మకు ప్రాణం లేచొచ్చింది. చూస్తుండగానే ఆ తల మళ్ళీ మెల్లగా పెట్టె మీదికి వాలిపోయింది. అయినా చూసింది కదా. చాలు. వేళ్ళు జివ్వుమంటే అననీ, ఊడిపోతే ఊడిపోనీ.

తర్వాత కాగితం కెపాసిటర్లు. గోధుమరంగు గొట్టాలు, చివర్లు పగిలి, మైనం కన్నీళ్ళలా కారి ఎండిపోయి ఉన్నాయి. ఒకటి పీకింది, ఒకటి పెట్టింది, వెలిగించింది. ప్రతిసారీ గుయ్యిమనే మోత కాస్త తగ్గుతోంది. ప్రతిసారీ పిచ్చుక తల కాస్త ఎక్కువసేపు పైకి ఉంటోంది. ప్రతిసారీ వెనక చేతిలోకి ఆ గుప్పిట వస్తోంది. స్విచ్చి ఆపగానే పోతోంది. ఆమె దాని గురించి ఆలోచించదలచుకోలేదు. ఆలోచిస్తే చెయ్యి వణుకుతుంది. చెయ్యి వణికితే పని చెడుతుంది.

కానీ చెయ్యికి తెలుస్తూనే ఉంది. ఆ గుప్పిట ఎప్పటికప్పుడు పెద్దదవుతోంది.

మరో కెపాసిటర్ మార్చి స్విచ్చి వేసిందో లేదో, ఈసారి వెచ్చటి బుల్లి చెయ్యి ఆమె అరచేతిలో చక్కగా ఇమిడిపోయింది. ఆ కొలత ఆమెకు కొత్తేమీ కాదు. సందు దాటేటప్పుడు, సంతలో నడిచేటప్పుడు, ఆరేళ్ళుగా పట్టుకున్న చెయ్యే.

టైలరమ్మ కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. లోపల మీటరు పుల్ల ఉంది, కదలకూడదు. కదలకుండానే ఆ చేతిని నొక్కింది. ఆ చెయ్యి తిరిగి నొక్కింది.

"వచ్చావా బంగారం..." అంది. "అమ్మ దగ్గరికి వచ్చావా..."

కళ్ళు తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. రెప్పలు ఆర్పింది. నీళ్ళు జారాయి. చూపు తేటపడింది.

ఎదురుగా మంచం మీద పిచ్చుక కూచుని ఉంది. రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

వెనక చెయ్యి ఆమె వేళ్ళ మధ్య వేళ్ళు దూర్చుకుంటోంది... మెల్లగా... ఆడుకుంటున్నట్టు. స్విచ్చి ఆపాలి. ఆపాలి... కుడి చెయ్యి అటు కదిలింది.

"అమ్మా."

పిచ్చుక. పెదాలు కదిలాయి. మాట వచ్చింది. నెల తర్వాత మొదటి మాట.

స్విచ్చి మీద వేలు అలాగే ఆగిపోయింది. టైలరమ్మ ఏడ్చింది. భయంతో ఏడుస్తోందో సంతోషంతో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. చివరికి ఆపింది, ఆపక తప్పదు, తర్వాతది మార్చాలి. దీపం ఆర్పినట్టు పిల్ల ముఖంలో వెలుగు పోయింది. తల పెట్టె మీద వాలింది.

అప్పుడామె ఒక నిర్ణయానికి వచ్చింది. నిర్ణయమని పేరేగానీ, ఆమెకు ఇంకో దారి ఉంటే కదా. వంటగది చీకట్లోకి తిరిగి, ఎవరితోనో బేరమాడినట్టు గుసగుసగా చెప్పింది.

"ఎవరైనా సరే. పట్టుకుంటే పట్టుకో. నా పిల్లని మాత్రం నాకివ్వు."

బయట చూరు నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత ఆమె ఆగలేదు. పీకడం, పెట్టడం, వెలిగించడం. తనే చెయ్యి వెనక్కి చాపేది, అది వచ్చి పట్టుకునేది. పిచ్చుక నీళ్ళడిగింది. లోటా అందిస్తే గటగటా తాగింది. "తాత ఏడీ?" అంది. "దుప్పటి కప్పు" అంది. మాట మాటకీ తల్లి గుండె ఒక మెట్టు ఎక్కుతోంది, చెయ్యి మాత్రం మంచులో పెట్టినట్టు బిగుసుకుపోతోంది. వెనకున్నది ఇప్పుడు పసిచెయ్యి కాదు. పదేళ్ళ పిల్ల చెయ్యి. పెళ్ళీడు పిల్ల చెయ్యి. ఇంకో రెండు మార్చేసరికి, పనిచేసి పనిచేసి మొద్దుబారిన ఆడమనిషి చెయ్యి. వేళ్ళ కొసలు గరుగ్గా ఉన్నాయి. సూదులు గుచ్చుకుని గుచ్చుకుని కాయకట్టిన కొసలు.

ఆ చేతి బొటనవేలు ఆమె అరచేతిని మెల్లగా రాసింది. దాని మీద ఒక బొబ్బ ఉంది. మెత్తగా, నీళ్ళు నిండి.

ఆమె స్విచ్చి ఆపేసి తన ఎడమ బొటనవేలు చూసుకుంది. మధ్యాహ్నం ఐరన్ తగిలినచోట బొబ్బ. అదే చోట. అంతే ఉంది.

బల్ల మీది ఫోను తీసుకుంది. ఎంతసేపు మోగిందో. చివరికి వాల్వుల బాబాయ్ గొంతు వినిపించింది, వెనకాల వాన చప్పుడుతో.

"ఏమ్మాయ్, పలికిందా?"

"బాబాయ్... ఇంకొక్కటే మిగిలింది. బ్యాండు మార్చే స్విచ్చి కింద ఉన్నది. కానీ..." జరిగింది జరిగినట్టే చెప్పింది. "ఆన్ చేసినప్పుడల్లా నా చెయ్యి ఎవరో పట్టుకుంటున్నారు."

నవ్వుతాడనుకుంది. ఆయన నవ్వలేదు.

"ఎడమ చెయ్యి ఎక్కడ పెట్టావు?"

"వెనక్కి."

"వెనక్కేంటమ్మా? జేబులో పెట్టమన్నాను కదా."

"నా బట్టలకు జేబు లేదు బాబాయ్."

ఆయన చాలా మెల్లగా అడిగాడు. "గుప్పిట మూసి పెట్టావా, తెరిచి పెట్టావా?"

"తెరిచి."

"అయ్యో పిచ్చిదానా..." అన్నాడు. "గుండె మీదుగా కరెంటు పోతుందనేది బయటివాళ్ళకి చెప్పే మాటమ్మా. అదీ నిజమే. కానీ మా గురువు ఎప్పుడూ ఒకటి అనేవాడు. పాత రేడియో ముందు ఖాళీ చెయ్యి చాచి నిలబడకండిరా, అడుక్కుంటున్నట్టు ఉంటుంది అని. ఇక ఆపెయ్. ఆ ఒక్కటీ అలాగే వదిలెయ్."

"పాప మాట్లాడుతోంది బాబాయ్. నీళ్ళు తాగింది. ఇంకొక్కటి మారిస్తే అన్నం కూడా తింటుంది. పొద్దున్నకల్లా తినకపోతే..."

"మాట్లాడుతోంది, సరే." ఆయన గొంతు తగ్గింది. "నీతోనేనా?"

ఇందాకటి నుంచీ జరిగినదంతా కళ్ళముందు తిరిగింది. "అమ్మా" అన్నప్పుడు పిల్ల చూపు. నీళ్ళడిగినప్పుడు పిల్ల చూపు. దుప్పటి కప్పమన్నప్పుడు... ఆ కళ్ళు ఒక్కసారీ తన ముఖం మీద నిలవలేదు. తన భుజం పక్కనుంచి, కాస్త వెనక్కి, వంటగది గుమ్మం వైపు చూస్తూ ఉండేవి.

ఫోను పెట్టేసింది. ఆయన ఏదో చెబుతూనే ఉన్నాడు.

చాలాసేపు మంచం పక్కన కూచుంది. పిచ్చుక మణికట్టు రెండు వేళ్ళ మధ్య ఇమిడిపోతోంది. పెదాలు ఎండి తెల్లగా పొరలు లేచాయి. ముక్కులో గొట్టం వేస్తారు. అయినా తిరిగి రావాలని అనిపించకపోతే... డాక్టరు కళ్ళజోడు.

టైలరమ్మ లేచింది. ముక్కలబుట్టలోంచి మందపాటి గుడ్డ తీసి కత్తిరించింది. తను వేసుకున్న బట్టకే, ఎడమ పక్కన, జేబు కుట్టడం మొదలెట్టింది. జీవితంలో ఎన్ని జేబులు కుట్టిందో ఆమెకే లెక్క లేదు. ఇంత దగ్గరగా కుట్లు ఎప్పుడూ వెయ్యలేదు. మూడు వరసలు వేసింది, మూలల్లో ఇంకో రెండు. చెయ్యి లోపల పెట్టి చూసుకుంది. గుప్పిట బిగించింది. సరిపోయింది. ఇక రానీ, చూద్దాం.

చివరి కెపాసిటర్ మార్చడానికి చెమటలు పట్టాయి. చోటు ఇరుకు, వెలుతురు లేదు. ఎలాగో పెట్టింది. ఎడమ చెయ్యి జేబులో దూర్చి, గుప్పిట మూసి, స్విచ్చి వేసింది.

బల్బు వెలిగి మసకబారింది. వాల్వులు ఎర్రబడ్డాయి. మోత లేదు. గుయ్యిమనడం అసలే లేదు. కాసేపు నిశ్శబ్దం, తర్వాత ఎక్కడినుంచో ఒక వాయిద్యం, దాని వెనక ఇంకోటి. పాట. నాన్న ఉన్నప్పటి కంటే తేటగా.

జేబులోకి ఎవరూ రాలేదు.

ఆమె అలాగే నిలబడింది. ఎదురు చూసింది. గుప్పిట చుట్టూ తన గుడ్డ తప్ప ఏమీ లేదు. వెనక ఏ అలికిడీ లేదు. పోయింది. పోయింది! ఇంత చిన్న జేబుకు ఇంత పెద్ద పీడ వదిలిందా అని నవ్వు, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి.

మంచం మీద పిచ్చుక కిలకిలా నవ్వింది.

దుప్పటి తోసేసి కిందికి దిగింది. నెల రోజులుగా మంచం దిగనిది, తూలుతూ, రెండు అడుగులు వేసింది. టైలరమ్మ మోకాళ్ళ మీద కూలబడి కుడి చెయ్యి చాపింది. "రా తల్లీ..."

పిచ్చుక ఆ చేతి పక్కనుంచే నడిచిపోయింది. ఆమె వైపు చూడలేదు. నడుస్తూ నడుస్తూ ఎడమ చెయ్యి పైకెత్తింది, రోడ్డు మీద పెద్దవాళ్ళ చెయ్యి అందుకునే ఎత్తుకి. అక్కడ దాన్ని ఏదో అందుకున్నట్టుంది. ఇక తూలలేదు. తిన్నగా వంటగదిలోకి వెళ్ళిపోయింది.

"ఆకలేస్తోందమ్మా" అనడం లోపల్నుంచి వినిపించింది.

పాట వస్తూనే ఉంది. టైలరమ్మ గోడ పట్టుకుని లేచి గుమ్మం దాకా వెళ్ళింది. గదిలోని వాల్వుల వెలుగు వంటగదిలో సగం దూరమే పోతోంది. పిచ్చుక ఎత్తుపీట మీద కూచుని ఉంది. పొయ్యి పక్కన అన్నం గిన్నె మూత తీసి ఉంది. పిల్ల నోరు తెరిచింది. మూసింది. నమిలింది. మింగింది. మళ్ళీ తెరిచింది.

పిల్ల తింటోంది. తల్లి కళ్ళు ఆ గొంతు కదలికనే చూస్తున్నాయి. ముద్ద దిగుతోంది. బుగ్గల్లోకి రంగు వస్తోంది. ఆ సంతోషం ముందు ఒక్క క్షణం ఆమెకు భయమన్నదే గుర్తు లేదు.

తర్వాత కనిపించింది. పిల్ల చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి.

"పిచ్చుకా" అంది. పిల్ల తిరగలేదు. "పిచ్చుకా!" అని అరిచింది. పక్కింటి గోడ దాకా వినపడేటంత గట్టిగా. పిల్ల నములుతూనే ఉంది. "అమ్మా, కొంచెం చిన్న ముద్ద పెట్టు" అంది, చీకటి వైపు ముఖమెత్తి.

స్విచ్చి నాలుగడుగుల దూరంలో ఉంది. ఆపితే అది పోతుంది. ఆపితే ఈ ముద్ద కూడా నోట్లోనే ఆగిపోతుంది, తల మళ్ళీ పెట్టె మీద వాలిపోతుంది, తెల్లారుతుంది, గొట్టం వేస్తారు. రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ అటు వెళ్ళింది. ఏ తల్లి ఆపగలదు? తింటున్న పిల్లను ఏ తల్లి లేపగలదు?

జేబులోంచి ఎడమ చెయ్యి తీసింది. పీట పక్కన మోకరిల్లి, పిల్ల ఒళ్ళో ఉన్న చేతిని గట్టిగా పట్టుకుంది.

పిచ్చుక నమలడం ఆపింది. ఒళ్ళు జలదరించింది. భుజాలు దగ్గరికి లాక్కుని, తల్లి ఉన్న వైపు కాదు, చీకటి ఉన్న వైపుకి వంగి గుసగుసలాడింది.

"అమ్మా... నా చెయ్యి ఎవరో పట్టుకున్నారు."

"నేనే తల్లీ. నేనే... అమ్మని. ఇటు చూడు. ఒక్కసారి చూడు."

పిల్ల తల పక్కకు వాల్చింది. చెవి పెట్టి వింటున్నట్టు కనుబొమలు ముడిచింది. "ఏదో అంటోందమ్మా. తెలియడం లేదు." తర్వాత ఎవరో జవాబు చెబుతున్నట్టు, వింటూ, బుద్ధిగా తలాడించింది. టైలరమ్మకు పాట తప్ప ఏమీ వినిపించలేదు.

"సరే" అంది పిచ్చుక.

అని, రెండో చెయ్యి ఎత్తి, తన చేతిని పట్టుకున్న వేళ్ళను ఊడదీయడం మొదలెట్టింది. కోపంగా కాదు. ముల్లు తీసుకున్నట్టు, జాగ్రత్తగా. ముందు బొటనవేలు. తర్వాత చూపుడువేలు. టైలరమ్మ ఉన్న బలమంతా పెట్టి పట్టుకుంది. వారం రోజులుగా తిండి లేని ఆరేళ్ళ పిల్ల, ఒక్కొక్కటే విడదీసేస్తోంది. మధ్యవేలు. ఉంగరం వేలు. "వద్దమ్మా... వద్దు తల్లీ..." అంటూనే ఉంది తల్లి.

చిటికెనవేలు దగ్గరికి వచ్చేసరికి పిచ్చుక ఆగింది. ఆ వేలిని కాసేపు తన గుప్పిట్లో ఉంచుకుంది.

"ఈ ఒక్కటీ ఉంచుకోనా అమ్మా?" అని అడిగి, జవాబు కోసం చీకట్లోకి తలెత్తి చూసింది.